సింహాద్రి తాత కానుగ నీడ

మొన్న సాయంకాలం చోడవరంలో బస్సు దిగి, ఒక చేత్తో రేకు పెట్టె, ఇంకో చేత్తో నాలుగు మడతలు పెట్టిన పేపరు పట్టుకుని మా వీధి మలుపు తిరిగాను. చెట్టు కనబడక ముందే దాని వాసన ఎదురొచ్చింది. కానుగ పూల వాసన మల్లెల వాసనలా మనిషిని పట్టి లాగదు. కాస్త వగరు, కాస్త తీపి, ఎండబెట్టిన ధాన్యం దగ్గర ఉండే పొడి వాసన ఇంకాస్త. ఎవరో మెల్లగా పేరు పెట్టి పిలిచినట్టుంటుంది, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. రోడ్డు మీద పూలు పేలాలు ఒలకబోసినట్టు పరుచుకుని ఉన్నాయి. చెప్పులు అక్కడే విడిచేసి వాటి మీద నడిచాను.

పేపర్లో నా నెంబరు ఉంది. నేను బి.ఏ. పాసయ్యాను! ఈ మాట రాసి, పేపరు మళ్ళీ విప్పి చూసుకున్నాను. మా అయ్య ఎడ్లబండి తోలతాడు, కాగితం మీద వేలిముద్ర వేస్తాడు. అమ్మకి బస్సు మీద ఊరి పేరు చదవడం రాదు, రంగు చూసి ఎక్కుతుంది. అలాంటి ఇంట్లోంచి నేను, నూకరత్నం, పట్టభద్రురాలినయ్యాను. బస్సులో కండక్టరుకి చెప్పాను. పక్కన కూర్చున్న కొబ్బరికాయల ఆవిడకి చెప్పాను. ఆవిడ దిగిపోతే ఆ సీటులోకి వచ్చినాయనకి మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. కానీ కానుగ పూల మీద కాలు పడేసరికి నోరు ఆగిపోయింది. అందరికంటే ముందు ఈ కబురు వినాల్సిన మనిషి పోయి రెండు చలికాలాలు దాటాయి. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను.

సింహాద్రి తాత నాకు చుట్టం కాదు. మా ఇంటికి ఎదురుగా, రోడ్డుకి అవతలి పక్క పెంకుటింట్లో ఒక్కడే ఉండేవాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఆయన పని బెల్లం వండటం. మా చుట్టుపక్కల చెరకు అందరూ పండిస్తారు, గానుగ అందరూ ఆడిస్తారు, కానీ మరిగే పెనం ముందు నిలబడి పాకం ఎప్పుడు దించాలో చెప్పగలవాళ్ళు పది ఊళ్ళకి ఒకరుంటారు. చెరకు కాలం వస్తే ఆయన కోసం రోలుగుంట నుంచి కూడా బళ్ళు వచ్చేవి. చిన్నప్పుడు మా అయ్య బండెక్కి గానుగ దగ్గరికి పోయి చాలాసార్లు చూశాను. పొయ్యిలో చెరకు పిప్పి భగభగ మండుతుంటే, ఆవిరిలో ఆయన మనిషి సగమే కనిపించేవాడు. రసం మొదట బురద నీళ్ళలా ఉండేది. పైకి తేలిన మడ్డి తీసేశాక ఎండుగడ్డి రంగు, తరవాత తంగేడు పువ్వు రంగు, ఆ తరవాత తేనె. ఆ తేనె రంగులో ఎక్కడో ఒక క్షణం ఉంటుంది. దానికి ముందు దించితే బెల్లం గట్టిపడదు, దాటాక దించితే నల్లబడుతుంది. ఆ క్షణాన్ని ఆయన కంటితో పట్టుకునేవాడు. పక్కన బాంబు పడ్డా అప్పుడాయన పలకడని మా అయ్య నవ్వుతూ చెప్పేవాడు.

నేను హైస్కూల్లో చేరిన ఏడాది వానాకాలంలో, వనమహోత్సవమని మా బడిపిల్లలందర్నీ రోడ్డు వెంబడి వరసగా నిలబెట్టారు. పెద్దలెవరో వచ్చి మొక్కలు నాటి, మాకు పిప్పరమెంటు బిళ్ళలు పంచి వెళ్ళిపోయారు. ఏ మొక్క ఏ పిల్ల ఇంటికి దగ్గరో ఆ పిల్ల దానికి నీళ్ళు పొయ్యాలని మా మాస్టారు చెప్పారు. నా వంతుకి వచ్చింది సింహాద్రి తాత ఇంటి ముందు పాతిన కానుగ మొక్క. మూరెడు కూడా లేదు. వారం తిరక్కుండా మిగతావి మేకలు తినేశాయి. దీన్ని మాత్రం తాత తుమ్మకంప తెచ్చి చుట్టూ కట్టి కాపాడాడు. ఒకరోజు నేను చెంబుతో నీళ్ళు తెస్తే ఆయన అరుగు మీద కూర్చుని, మొక్క వైపు కాకుండా కొంచెం పక్కకి చూస్తూ అడిగాడు.

"ఒసే గుంటా, ఎన్నాకులున్నాయే దాంకి?"

"చాలా ఉన్నాయి తాతా."

"సాలా అంటే ఎన్నే? బళ్ళో నీకు లెక్కలు సెప్పరేటి?"

లెక్కపెట్టాను. పదకొండు. "ఏ పచ్చ?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆకుపచ్చ అంటే ఆకుపచ్చే కదా అన్నాను.

"అలాగంటే ఎలాగే? సిలక పచ్చా, అరిటాకు పచ్చా, ఊడ్పుల్నాటి నారు పచ్చా? ఎండిపోయే ముందు కూడా పచ్చే ఉంటాది. ఏ పచ్చో తెలకపోతే నీళ్ళెందుకు పోస్తన్నావో నీకేటి తెలుస్తాది?"

ఎదురుగా మూడడుగుల దూరంలో ఉన్న మొక్కని నన్నెందుకు అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. పెద్దవాళ్ళ తమాషా అనుకున్నాను. ఆ చెరకు కాలంలో గాని తెలియలేదు. ఒక రైతు పెనం మొత్తం ఆయన చేతిలో మాడిపోయిందని ఊరంతా చెప్పుకున్నారు. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ లేదు. తరవాత ఇంకెవరూ పిలవలేదు. విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి మా అయ్యే తోడు వెళ్ళాడు. కంటి నరం ఎండిపోతోందని, మందు లేదని, నాలుగైదేళ్ళు కాస్త కాస్తగా తగ్గుతుందని డాక్టరు చెప్పాడట. తిరిగొచ్చిన మర్నాడు తాత అరుగు దిగి, తడుముకుంటూ కంప దగ్గర కూర్చుని, నన్ను పిలిచాడు.

"ఇలా రాయే. నీతో ఒక పనుంది. ఇది బేగి పెరగాలి."

"ఎందుకు తాతా?"

ఆయన తన బట్టతల మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. "సూడు. నాను రోజూ మధ్యాన్నం టీ కొట్టుకాడ్నించి వస్తాను గదా. కళ్ళు పూర్తిగా పోయేక నా ఇల్లేదో నాకెలా తెలుస్తాది? కర్రతో కొట్టుకుంటూ గుమ్మం గుమ్మం తడమాలా? ఈ రోడ్డంతా మరో సెట్టు లేదు. నెత్తి మీద ఎండుంటే రోడ్డు. సల్లగా తగిలిందంటే ఇల్లు. ఎడం సేతికి తిరిగితే అరుగు. అంతే. ఎవుల్నీ అడగక్కర్లేదు."

"నీడొచ్చేసరికి ఎన్నేళ్ళవుతుంది?"

"నాకేటి తెలుసు? నా కళ్ళకి డాక్టరు అయిదేళ్ళన్నాడు. దీనికెన్నేళ్ళో అదే సెప్పాలి. సూద్దాం, ఎవులు ముందో!" అని పందెం కాసినవాడిలా నవ్వాడు.

నాకప్పటికి పదకొండేళ్ళు. ఒక మనిషికి నేను అంత కావలసినదాన్నవడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచీ పొద్దునా సాయంత్రం నీళ్ళు పొయ్యడం, పోశాక అరుగు మీద కూర్చుని చూసింది చూసినట్టు చెప్పడం నా పని. నీళ్ళు పొయ్యకముందు మట్టిలో వేలు పెట్టి చూడాలి. రెండో కణుపు దాకా పోయినా తడి తగలకపోతేనే పొయ్యాలి. బెల్లం పాకం బొట్టు నీళ్ళలో వేసి వేళ్ళ మధ్య నలిపి చూసేవాడు కదా, మట్టిని కూడా నా చేత అలాగే నలిపించేవాడు. నేను చెప్పేది వింటూ కళ్ళు మూసుకునేవాడు. అప్పుడా మొక్క రోడ్డు మీద కాక ఆయన రెప్పల వెనక పెరుగుతున్నట్టు నాకనిపించేది.

ఆ వేసవి మాత్రం నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. రోహిణి ఎండలకి మొక్క తల వాల్చేసింది. మా ఊళ్ళో నీరసపడినవాళ్ళకి ఇచ్చే మందు ఒక్కటే. ఎండన పడి వచ్చిన మనిషికి బెల్లం నీళ్ళు, ఈనిన ఆవుకి బెల్లం నీళ్ళు, జ్వరం పడి లేచినవాడికి బెల్లం నీళ్ళు. మొక్కకి మాత్రం ఎందుకు పనిచెయ్యదు? అమ్మ చూడకుండా కుండలోంచి ఇంత దిమ్మ తీసి, చెంబెడు నీళ్ళలో కరిగించి, వేళ్ళు నాకుతూ నాకుతూ మొదట్లో పోసేశాను. అలా మూడు రోజులు. నాలుగో రోజుకి మొదలంతా ఎర్రచీమలు. వాటి వెనకే చెదలు. కాండం చుట్టూ మట్టి గూడు కట్టి బెరడు తింటున్నాయి. ఆకులు ఒక్కొక్కటే పసుపు తిరిగి రాలిపోయాయి. సాయంత్రం తాత ఎప్పట్లా అడిగాడు: "ఏటే, ఎలాగుంది?"

"బాగుంది తాతా," అన్నాను.

మర్నాడూ బాగుందన్నాను. ఆ మర్నాడూ అంతే. "కొత్తాకు వచ్చిందా?" అంటే "రెండొచ్చాయి" అని కూడా చెప్పాను. అబద్ధం మొదలైన ఐదో రోజు ఆయన మెల్లగా అరుగు దిగి, నన్ను దాటి, కంప సందులోంచి చెయ్యి దూర్చాడు. ఆకు కోసం వెతికాడు. దొరకలేదు. చెయ్యి కిందికి జారించి కాండం పట్టుకున్నాడు. చీమలు మోచెయ్యి దాకా పాకి కుడుతున్నా చెయ్యి తియ్యలేదు. తిట్టేస్తాడని నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆయన తిట్టలేదు. అరుగు మీదికి వచ్చి కూర్చుని, చేతి మీది చీమల్ని ఒక్కొక్కదాన్నీ దులుపుకున్నాడు.

"బెల్లం ఏసినందుకు నానేటీ అనను. తెలక ఏసేవు. బెల్లపోడి యీదిలో పుట్టేవు, ఇంకేటి ఏస్తావు? కానీ బాగుందన్నావు సూడు..." చీమలు కుట్టిన చోట రుద్దుకున్నాడు. "ఆ రైతు పెనం మాడింది గదా. కళ్ళు అగుపడక మాడిందని ఊళ్ళో అనుకుంటన్నారు. కాదే. ఆయన అడిగేడు, సింహాద్రీ పాకం ఎలాగుందీ అని. నాకు ఆవిరి తప్ప ఏటీ అగుపడలేదు. అగుపడలేదని సెప్పుంటే ఆయనే దించీసును. నాను బాగుంది బాబూ అన్నాను. ఆ మాటకే మాడింది. ఆయన ఏడాది కష్టం ఆ మాటలో మాడిపోయింది."

ఇది ఆయన మరెవరికీ చెప్పలేదని తరవాత నాకు తెలిసింది.

"బాగుంది అనకు. బాగులేదు అని కూడా అనకు. సూసింది సెప్పు. ఎంత సెడ్డదైనా సెప్పు, నాను ఏటో ఒకటి సేస్తాను. లేస్తావా, ఏడుస్తావా? నీళ్ళు తే, బేగి."

ఇద్దరం కలిసి మొదట్లో తీపి మట్టంతా తవ్వి పారేశాం. మా నూతిలోంచి ఎన్ని బిందెలు తోడానో లెక్క లేదు. పొయ్యి బూడిద, వేపపిండి కలిపి చుట్టూ పోశాం. ఆఖరికి ఆయన కొడవలి అడిగి, వేలితో తడిమి చూసి, బెరడు పోయిన దగ్గరకి కాండాన్ని కోసేశాడు. జానెడు మోడు మిగిలింది. కోశాక ఆ ముక్కని ఒళ్ళో పెట్టుకుని, ఏడాది పోయిందే గుంటా అన్నాడు. కళ్ళు ఆగవు కదా మరి. పందెంలో మొక్క ఓడిపోతుందని నాకు అప్పుడు తెలిసింది, దాన్ని ఓడించినదాన్ని నేనే అని కూడా.

తొలకరి పడింది. రోజూ ఆ మోడు పక్కన గొంతుకూర్చుని చూసేదాన్ని. "ఏటి సూసేవు?" అంటే "మోడు తాతా, తడిసింది, నల్లగా ఉంది, ఏమీ లేదు" అని చెప్పేదాన్ని. అలా చెప్పడం ఎంత కష్టమో! ఒక మనిషి ఆశగా ముఖం ఇటు తిప్పితే ఏమీ లేదని చెప్పడం బిందెడు నీళ్ళు మొయ్యడం కంటే కష్టం. ఇరవై రోజులు చెప్పాను. ఒక పొద్దున్న, రాత్రంతా కురిసి తెరిపిచ్చాక, మోడు పక్కన ఏదో పొడుచుకొచ్చి ఉంది. పరిగెత్తుకెళ్ళాను.

"తాతా! వచ్చింది! ఆవగింజంతుంది. పచ్చగా లేదు. ఎర్రగా... మామిడి చిగురు ఎరుపు కాదు. ఉండు, ఉండు... ఎలకపిల్ల చెవి ఉంటుంది చూడు, వెలుతురు అవతల్నించి పడితే..."

తాత పడి పడి నవ్వాడు. "ఎలకపిల్ల సెవి! ఓలమ్మా! ఇప్పుడు నాకు అగుపడిందే. అచ్చంగా అగుపడింది!"

ఆ ఆనందం బి.ఏ. నెంబరు చూసినప్పటి ఆనందంతో సరిసమానం అని చెప్తే మీరు నమ్మరు. నాకైతే ఏది ఎక్కువో ఇప్పటికీ తేలలేదు.

ఆ తరవాతి ఏళ్ళు నాకు ఒకటే సాయంకాలంలా గుర్తున్నాయి. చెరకు బళ్ళు కిర్రుమంటూ పోతుంటాయి, గానుగల వైపు నుంచి పాకం వాసన తేలివస్తుంటుంది, మాడుగుల వైపు కొండలు మసక నీలంలోకి జారిపోతుంటాయి. మేమిద్దరం అరుగు మీద ఉంటాం. చెట్టు సంగతి అయ్యాక ఆయన వేరేవి అడిగేవాడు. ఆకాశం ఏ రంగు, ఎదురుగా పోయే ఎద్దుకి కొమ్ములెలా ఉన్నాయి, మీ మాస్టారి ముఖం ఎలాగుంటుంది. నేను చెప్పే కొద్దీ నాకే కొత్తగా కనబడేవి. కుంటిదనుకున్న ఎద్దు కుంటకుండా నడుస్తోందని, మాస్టారు నవ్వేటప్పుడు ఒక కన్ను చిన్నదవుతుందని, అంతకుముందు నాకే తెలియదు. ఆయన చూపు తగ్గిన మేరకి నా చూపు పెరుగుతున్నట్టుండేది. పరీక్షల్లో ఏది అడిగినా చూసింది చూసినట్టు రాయడమే నాకు వచ్చు. దానికే మార్కులు పడుతుంటే నాకే ఆశ్చర్యంగా ఉండేది.

నేను పదో తరగతిలో ఉండగా ఆయనకి పగలూ రాత్రీ ఒకటైపోయాయి. అప్పటికి చెట్టు ఇంటి చూరు దాటింది, మోడు దగ్గర్నుంచి రెండు కొమ్మలుగా చీలి గొడుగులా విచ్చుకుంది. ఒక మధ్యాహ్నం మా అయ్యతో టీ కొట్టు దాకా నడిచి వెళ్ళి, "నువ్వు ఎల్లిపో అప్పన్నా, నాను ఒక్కడినే వస్తాను" అన్నాడట. ఆ మాట వీధిలో పాకింది. ఆయన వచ్చే వేళకి అందరూ గుమ్మాల్లో నిలబడ్డారు. ఎవ్వరూ నోరెత్తకూడదని తాత పక్కింటి గౌరమ్మ పిల్లల్ని గదమాయించింది. తాత తలపాగా తీసేసి, బట్టతల ఎండకి పెట్టి, కర్ర ఆడిస్తూ వచ్చాడు. ఒక గుమ్మం, రెండు గుమ్మాలు. గౌరమ్మ ఇల్లు దాటాడు. ఇంకొక్క అడుగు. తల మీద నీడ పడింది. ఆగాడు. ముఖం మెల్లగా పైకెత్తాడు. ఆకుల మధ్య నుంచి జారిన వెలుగు చుక్కలు ఆయన గుడ్డికళ్ళ మీద ఆడుతున్నాయి. ఎడమ చేతికి తిరిగి, ఆరడుగులు వేసి, అరుగు తగలగానే కూర్చుని గట్టిగా అన్నాడు:

"ఏరే, ఎవులూ మాటాడరేటి? ఇంతమంది ఊపిర్లు నాకు ఇనబడతన్నాయి. నా ఇంటికి నాను వచ్చేను, దాంకి తీర్థంలా సూడాలేటి?"

పందెం గెలిచింది చెట్టే. ఒక ఏడాది పోగొట్టుకుని కూడా గెలిచింది.

అక్కడితో కథ అయిపోయిందనుకున్నాం. కానీ చెట్టు అక్కడ ఆగలేదు కదా! ఏడాది తిరిగేసరికి, నేను హైస్కూలు ఆఖరి పరీక్ష రాసి ఇంట్లో ఉన్న వేసవిలో, ఒకరోజు గౌరమ్మ ఇంట్లోంచి కేక వినబడింది. వెళ్ళి చూస్తే సింహాద్రి తాత గౌరమ్మ అరుగు మీద దర్జాగా కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. కొత్తగా కాపరానికి వచ్చిన గౌరమ్మ కోడలు గుమ్మంలో బిక్కచచ్చిపోయి ఉంది.

"ఒసే రత్నం, నీళ్ళు తేవే, ఎంతసేపు?" అంటున్నాడు తాత. కోడలి అడుగుల చప్పుడు విని నేననుకున్నాడు.

గౌరమ్మ చేతులు తిప్పుతూ వచ్చింది. "ఓరి తాతో! ఇది నీ ఇల్లు కాదు, నా ఇల్లు. మా కోడలు ఎవులో ముసిలోడు కాపరానికి వచ్చీసేడనుకుని దడుసుకుంది!"

తాత తడబడి లేచాడు. "అదేటే? నీడ తగిలింది గదా? తిరిగేను గదా?"

"నీడ నీ ఒక్కడి ఇంటి ముందే ఉంటాదేటి? నీ సెట్టు మా గుమ్మం మీదికి వచ్చీసింది, సూసుకో!"

నిజమే. మేం రోజూ చూస్తూ గమనించలేదు. గౌరమ్మ గుమ్మం ముందే నీడ మొదలవుతోంది. ఆ వారంలో ఆయన మూడుసార్లు పొరపాటుపడ్డాడు. వీధిలో అందరూ తేల్చేశారు: అటువైపు కొమ్మలు కొట్టేస్తే సరి, నీడ మళ్ళీ పాత చోటికి పోతుంది, ముసలాయనకి ఇబ్బంది ఉండదు. ఆదివారం పొద్దున్న మా అయ్య కత్తి పట్టుకుని చెట్టెక్కాడు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నన్ను విశాఖపట్నం కాలేజీకి పంపమని మాస్టారు రెండుసార్లు మా ఇంటికొచ్చారు. అయ్య ఒప్పుకోలేదు. కోపంతో కాదు. "ఈపాటికే ఇది సెప్పేది సగం మాకు తెల్దు మాస్టారూ. ఇంకా సదివితే మాకు అందదు. మాకు అందనంత పిల్లని మేం ఏటి సేసుకుంటాం?" అన్నాడు. అమ్మ తలుపు చాటున కళ్ళు తుడుచుకుంది. నేను రెండు రోజులు అన్నం మానేసి మూడో రోజు తినేశాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

అయ్య మొదటి వేటు వెయ్యబోతుంటే తాత అరుగు మీంచి అడిగాడు: "ఎవుల్రా సెట్టు మీద?"

"నానే మావా, అప్పన్నని. గౌరమ్మ పక్క కొమ్మలు కొట్టీస్తన్నాను. నీకు దారి తప్పకుండా ఉంటాది."

"దిగు."

"అది గాదు మావా, నీ కోసమే..."

"దిగరా! పెరిగిందాన్ని నరుకుతావేటి? నాకు నీడ కావాలని నానే గదా పెంచేను. అది నాకు సరిపడినంతే పెరగాలని దాంకి తెలుస్తాదేటి? నీడ తగిలేక నాను ఇంకో నాలుగడుగులు నడుస్తాను. నాలుగడుగులు! దాంకి నా కాళ్ళు అరిగిపోతాయేటి?"

నేను కింద నిలబడి పైకి చూస్తున్నాను. అయ్య కొమ్మ మీద అలాగే కూర్చుని ఉన్నాడు, కత్తి ఒళ్ళో పెట్టుకుని. ఆకుల వెనక ఆయన ముఖం సరిగ్గా కనబడలేదు. ఎంతసేపటికో దిగాడు. కత్తి గోడకి ఆనించి, తాత కాళ్ళ దగ్గర కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఉతికిన చొక్కా తొడుక్కుని బయల్దేరుతుంటే అమ్మ ఎక్కడికని అడిగింది. "మాస్టారింటికి. ఆ కాలేజీ కాగితం మీద ఎక్కడ ఏలిముద్ర ఎయ్యాలో అడిగొస్తాను" అన్నాడు.

నేను పట్నం వెళ్ళాను. సెలవులకి వచ్చినప్పుడల్లా తాత నడక చూసేదాన్ని. నీడ తగలగానే ఆగి, తల ఊపి, పెదాలు కదుపుతూ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నడిచి, అప్పుడు ఎడమ చేతికి తిరిగేవాడు. తరవాతి ఏడాది నాలుగు ఐదయ్యాయి. ఐదు ఏడయ్యాయి. పెరిగినప్పుడల్లా ఎవరికో ఒకరికి గొప్పగా చెప్పుకునేవాడు. సముద్రం ఏ రంగని నన్నడిగితే ఒక సాయంత్రమంతా చెప్పాను, ఇంకా అయిపోలేదు. ఇంటర్మీడియట్ అయి బి.ఏ.లో చేరిన మొదటి చలికాలంలో, నేను పట్నంలో ఉండగా, నిద్రలోనే పోయాడు. అప్పటికి తొమ్మిదడుగులు నడుస్తున్నాడని గౌరమ్మ చెప్పింది.

మొన్న నేను కబురు తెచ్చిన సాయంత్రం ఇల్లంతా సందడి. అయ్య పేపరు తలకిందులుగా పట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. అందరూ వెళ్ళాక, నేను పొయ్యి దగ్గర అమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మ కట్టెలు ఎగదోస్తూ, నా వైపు చూడకుండా అడిగింది. అందరిముందూ అడగలేక అప్పటిదాకా దాచుకుందని నాకర్థమైంది.

"బీయే అంటే ఏటే? అందరూ బీయే బీయే అంటన్నారు. నాను తలూపీసేను. రేపు ఎవులైనా అడిగితే ఏటి సెప్పమంటావు?"

పెద్ద చదువమ్మా, అనబోయాను. నోటి చివరిదాకా వచ్చింది. ఆ మాట చెప్తే అమ్మ మళ్ళీ తలూపేస్తుంది, నేను నా చోట, తను తన చోట ఉండిపోతాం. అయిదేళ్ళు నా దాకా నడిచి వచ్చింది అమ్మా అయ్యా. నెలనెలా బియ్యం మూట నెత్తిన పెట్టుకుని హాస్టలు గేటు దాకా వచ్చి, లోపలికి రావడానికి సిగ్గుపడి, బయట నిలబడింది వాళ్ళు. ఇప్పుడు నడవాల్సింది నేను.

పీట దగ్గరికి జరుపుకున్నాను. "పొద్దున్న తొమ్మిదింటికి గంట కొడతారమ్మా," అని మొదలుపెట్టాను. "మేడ మీద గది. పొడుగ్గా ఉంటుంది, మన చెరకు బళ్ళు రెండు ఒకదాని వెనక ఒకటి పడతాయి. కిటికీలోంచి సముద్రం ఇంత ముక్క కనబడుతుంది, పొద్దున్న కళాయి పూసిన గిన్నె రంగు. అరవై మంది మొగపిల్లలు, అయిదుగురం ఆడపిల్లలం. మాకు ముందు బల్ల..."

అమ్మ చేతిలో కట్టె ఆగిపోయింది. మంట వెలుగులో కళ్ళు మూసుకుంది. చాలాసేపు విని, మెల్లగా అడిగింది.

"ఆ బల్ల ఏ కర్రదే?"